సగం నీళ్ళకే వెనుదిరిగే మనిషి

పక్కింటివాళ్ళు పునాది తవ్విస్తున్నారు. నిన్న మధ్యాహ్నం సమ్మెట దెబ్బకు పలుగురాయి ఒకటి పగిలింది. ఆ రాయి పగిలితే ఒక వాసన వస్తుంది, కాలీ కాలని అగ్గిపుల్ల వాసన. అది ముక్కుకు తగలగానే అరుగు మీద కూర్చున్న నాకు కరీంనగర్ ఎండ కాస్తా ఫుజైరా కొండల ఎండ అయిపోయింది. సత్యమూర్తి గారు రాయి పగలగొట్టి, ముందు తాను వాసన చూసి, తరువాత నా ముక్కు దగ్గర పెట్టేవారు. "ఎలా ఉంది?" అని అడిగేవారు, మామిడిపండు కోసి ఇచ్చినట్టు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసి ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

ఎనభయ్యో దశకం మొదట్లో నేను కట్టడం పనికని దుబాయ్ వెళ్ళాను. వెళ్ళిన కొన్నాళ్ళకు మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మాలో కొందరిని ఒక కంపెనీకి అప్పగించాడు. దుబాయ్‌కి తూర్పున ఫుజైరా కొండల్లో, ఎడారి అంచున లోహాలు వెతికే కంపెనీ అది. ముఖ్యంగా బంగారం. క్యాంపులో మిగిలినవాళ్ళు నన్ను చూసి అసూయపడ్డారు. నేను కూడా బంగారం అంటే ఇసుకలో మెరుస్తూ కనపడుతుందనుకున్నాను. మా బృందానికి పెద్ద సత్యమూర్తి గారు. రాళ్ళ చదువు చదివిన మనిషి, సామర్లకోట వైపు వారు. బక్కగా ఉండేవారు. నెత్తిన ఎప్పుడూ తడి తువ్వాలు. తెలుగువాణ్ణని తెలిసి నన్ను తన జీపులోకి పిలిచారు. ఏం పని వచ్చు అనో, ఏ ఊరు అనో అడుగుతారనుకుంటే, "నీళ్ళేవయ్యా?" అన్నారు.

"డేరాల ఉన్నయి సార్."

"డేరా దాహం తీర్చుకుంటుందా? వెళ్ళి తెచ్చుకో. బంగారం కొండలో కోట్ల ఏళ్ళుగా పడుంది. దానికేం తొందర లేదు."

ఆయన పద్ధతులు మొదట్లో నాకు విసుగనిపించేవి. రాయి తిప్పాలంటే ముందు కర్రతో కదపాలి, కింద తేలో పామో ఉంటుంది. డేరా ఎప్పుడూ వాగు గర్భంలో వేయకూడదు, మన నెత్తిన మబ్బు లేకపోయినా ఎక్కడో కొండ మీద కురిసిన వాన కిందికి ఉరికి వస్తుంది. అందుకని మేము గుట్ట పైన డేరాలు వేసుకుని నీళ్ళు మోసుకునేవాళ్ళం. అన్నిటికన్నా పెద్దది నీళ్ళ కట్టుబాటు. తెచ్చుకున్న నీళ్ళు సగం అయ్యాయంటే ఎక్కడ ఉన్నా వెనక్కి తిరగాలి.

ఒకసారి తెల్లటి పలుగురాతి చార ఒకటి కొండ వాలు వెంట సాగుతూ కనిపించింది. పొద్దుటి నుంచీ దాని వెంటే నడిచాం. మా డ్రైవర్ గుల్ ఖాన్, పెషావర్ కొండల మనిషి, మా అందరికన్నా హుషారుగా ముందు నడుస్తున్నాడు. రాయిలో పసుపు మరక మొదలైంది. సత్యమూర్తి గారి కళ్ళు మెరవడం నేను చూశాను. అంతలోనే ఆయన నీళ్ళ డబ్బా ఎత్తి ఊపి చూసి ఆగిపోయారు.

"సాబ్, బస్ థోడా ఆగే," అన్నాడు గుల్ ఖాన్, ఇంకొంచెం దూరమేనని బతిమాలుతూ.

"ఆధా హో గయా. చలో వాపస్," అన్నారాయన, నీళ్ళు సగమయ్యాయి పదమని. వెనక్కి నడుస్తున్నంతసేపూ మధ్యమధ్య తిరిగి ఆ కొండను చూస్తూనే ఉన్నారు. మా అందరికన్నా ఆయనకే ఎక్కువ ఆశ ఉందని ఆ రోజు అర్థమైంది.

అబూదబీ నుంచి అప్పుడప్పుడు ముదీర్, అంటే కంపెనీ మేనేజరు, వచ్చేవాడు. ఒకసారి ఆయనకు కొండ పక్కన పాతకాలం వాళ్ళు తవ్వి వదిలేసిన గొయ్యి చూపించాం. మనుషులను తాడు కట్టి దింపమన్నాడు ముదీర్. గోడలు వదులుగా ఉన్నాయని, అడుగున ఊపిరాడకపోవచ్చని సత్యమూర్తి గారు ఒప్పుకోలేదు. "డర్తే హో?" భయపడుతున్నావా అని అందరి ముందూ నవ్వాడు ముదీర్.

"హాఁ సాబ్, డర్తా హూఁ," అన్నారు సత్యమూర్తి గారు, ఆకలేస్తుందా అంటే అవునన్నంత మామూలుగా.

నాకు తలకొట్టేసినట్టయింది. మా ఊళ్ళో ఏ మగవాడూ నలుగురిలో అలా ఒప్పుకోగా నేను వినలేదు. ముదీర్ చిరాకుపడి వెళ్ళిపోయాడు. ఆ గోతిలో బంగారం ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మాలో ఎవరూ అందులో చావలేదన్నది మాత్రం తెలుసు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఆయనా నేనూ ఇద్దరమే రాళ్ళు తేవడానికి కొండలు దాటి పడమటి మైదానం వైపు వెళ్ళాం. గుల్ ఖాన్‌కు జ్వరం. బయలుదేరే ముందు సత్యమూర్తి గారు అతని మంచం పక్కన నేల మీద పుల్లతో మా దారి గీసి, "మగ్రిబ్ వేళకు, పొద్దు గుంకేసరికి రాకపోతే వెతకండి, ఈ దారినే," అని చెప్పారు. ఎప్పుడూ చెప్పేదే. ఆ రోజు మాత్రం జీపు ఇరుసు విరిగింది. చుట్టూ ఇసుక, గులకరాళ్ళు, అంతే.

కాసేపటికి నాకు దూరంగా లారీ చప్పుడు వినిపించింది. వినిపించిందనే అనుకున్నాను. "సార్, అగో, రోడ్డు గా పక్కనే ఉన్నది. నేను ఉర్కిపోయి మనుషులను తోలుకొస్త," అని లేచాను.

"కూర్చో రాజన్నా. జీపు పెద్దది, కనపడుతుంది. నువ్వు కనపడవు."

"గిట్లనే కూసుంటే సస్తం సార్!"

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నాకూ భయంగానే ఉందయ్యా. ఇద్దరం కలిసి ఇక్కడే భయపడదాం, కూర్చో," అన్నారు. జీపు నీడన కూర్చున్నాం. నేను నీళ్ళు పొదుపు చేయబోతే కోప్పడ్డారు. "డబ్బాలో దాచుకుంటే ప్రాణం నిలవదు. దాహమైతే తాగు. ఒళ్ళు కదపకు." ఆ తరువాత నన్ను మాటల్లో పెట్టారు. నేను వచ్చాక నాకు కూతురు పుట్టిందని, చూడలేదని చెప్పాను.

"ఎలా ఉంటుంది?"

"సూడలేదంటి గద సార్."

"అనుకుని చెప్పు."

అనుకుని చెప్పడం మొదలుపెట్టాను. మా అమ్మ ముక్కు, నా భార్య జుట్టు, నవ్వితే బుగ్గన సొట్ట. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఆయన వద్దనలేదు. తన భార్య గోదావరి నీళ్ళు తప్ప ఏ నీళ్ళూ రుచి లేవంటుందని, ఆమెను ఈ ఎడారికి తీసుకొస్తే ఏమంటుందోనని నవ్వించారు. పొద్దు అలాగే గుంకింది. మరునాడు ఎండ ఎక్కగానే స్పేర్ టైరు దూరంగా దొర్లించి తగలబెట్టాం. నల్లటి పొగ నిటారుగా లేచింది. ఆయన జీపు అద్దం ఊడదీసి ఎండకు తిప్పుతూ నిలబడ్డారు. చాలాసేపటికి ఇసుక మీద ఇంకో జీపు దుమ్ము కనిపించింది. చీకట్లో జాడ దొరక్క రాత్రంతా వెతికిన గుల్ ఖాన్ జ్వరం కళ్ళతో దిగి, సత్యమూర్తి గారిని వాటేసుకున్నాడు.

బంగారం దొరకకపోలేదు. ఉప్పు రవ్వలంత దొరికింది, తవ్వి లాభం లేనంత. పని ఖలాస్ అన్నారు. షార్జాలో, రోలా దగ్గర ఒక చాయ్ దుకాణంలో మేము ఆఖరుసారి కలిసి కూర్చున్నాం. ఆయన ఇంకో దేశం వెళుతున్నారు, నేను మళ్ళీ కట్టడం పనికి. చిరునామాలు తీసుకోవాలని ఇద్దరికీ తట్టలేదు. మళ్ళీ కలవమని అనుకోలేదు మరి. జనంలో ఆ బక్క వీపు కనపడకుండా పోయేదాకా చూశాను.

సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు మా పాప గడప పట్టుకుని నన్ను చూసి బిక్కమొహం వేసింది. సొట్ట లేదు. ముక్కు నాదే. ఆ మాట చెప్పాలని మనసు ఆయన కోసం వెతికింది.

గోదావరి మనిషి ఎవరు కనపడినా అడిగేవాణ్ణి. చాలా ఏళ్ళకు షార్జాలో ఒక ఇంట్లో పనిచేసే సామర్లకోట ఆవిడ చెప్పింది. "ఆయ్, మా వీధి చివరే అండీ వాళ్ళిల్లు. పోయిన ఎండాకాలం పోయారండి. జబ్బు చేసి, ఇంట్లోనే, వాళ్ళావిడ ఒళ్ళో తల పెట్టుకుని." నేను నడిరోడ్డు మీద ఏడ్చాను. ఆ ఏడుపులో ఒక నెమ్మది కూడా ఉంది. అంత ఎడారీ ఆయన్ని ఏమీ చేయలేకపోయింది.

ఆమధ్య నాకు గుండె ఆపరేషన్ చేశారు. లోపలికి తీసుకెళ్ళే ముందు చిన్న వయసు డాక్టరు, "భయమా పెద్దయ్యా?" అని అడిగాడు. బయట నా కూతురు, అల్లుడు ఉన్నారు. పూర్వపు నేనైతే మీసం సవరించుకుని లేదనేవాణ్ణి.

"భయమే బిడ్డా," అన్నాను.

అతను చేతిలో పని పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని నా పక్కన కూర్చున్నాడు.