ఇంటర్నెట్ సెంటర్‌లో ప్రొఫెసర్ సాబ్

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో లాల్‌దర్వాజాలో మా గల్లీ చివర ఇంటర్నెట్ సెంటర్ తెరిచారు. వచ్చినవాళ్లు ఏం పని మీద వచ్చారో రిజిస్టర్‌లో రాయాలి. అందరూ 'రిజల్ట్స్', 'ఈమెయిల్' అని రాసేవారు. నేను 'గణిత పరిశోధన' అని రాశాను.

నేను పురానాపూల్‌లో ఒక టింబర్ డిపోలో దుంగల కొలతలు లెక్కగట్టే గుమాస్తాను. ఇంటర్‌లో లెక్కలే తప్పాను. ఆ కసితో నలభై దాటాక ప్రధాన సంఖ్యల వెంట పడ్డాను.

లెక్కల గురించి ముచ్చటించుకునే ఒక వెబ్‌సైట్‌లో 'గణితాచార్య' పేరుతో చేరాను. ఎవరో 'సర్' అన్నారు. కాదనలేదు. రిజిస్టర్ చూసిన సెంటర్ ఓనరు 'ప్రొఫెసర్ సాబ్' అన్నాడు. అదీ కాదనలేదు. ఒక నెల గడియారం చూసి రాసుకున్నాను: గంటలో పరిశోధన పదకొండు నిమిషాలు. మిగతా నలభై తొమ్మిదీ, నా రాతకు ఎవరైనా జవాబిచ్చారా అని పేజీ మళ్లీ మళ్లీ తెరవడం.

ఒక సాయంత్రం ఓనరు తన కూతుర్ని నా పక్కన కూర్చోబెట్టాడు.

"సాబ్, ఎల్లుండే బిడ్డకు మ్యాథ్స్ సప్లిమెంటరీ. గీసారి గూడ పోతే చదువు బంద్ అన్నది వాళ్లమ్మ. జర చూడుర్రి."

పిల్ల నోట్సు తెరిచింది. సమాకలనం, అదే ఇంటిగ్రేషన్. పాతికేళ్ల కిందట నన్ను ముంచిన పాఠమే. గంభీరంగా చూశాను. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

"తప్పు చేసిన్నా సార్?" అంటూ పిల్ల తను చేసిన లెక్కలో ఒక మెట్టు కొట్టెయ్యబోయింది. అది తప్పో ఒప్పో నాకు తెలిస్తే కదా!

"కొట్టెయ్యకు బిడ్డా. నాకిది రాదు. నేను ఇంటర్ ఫెయిల్."

"మరి గిన్ని దినాలు సాబ్ అంటె మంచిగ పలికితివి గదనే!" అన్నాడు ఓనరు. సాబ్ నుంచి 'గదనే'కు దిగడానికి సెకను పట్టలేదు.

పిల్ల మాత్రం తెర వైపు చూసింది. "గా వెబ్‌సైట్ల అడుగు అంకుల్."

అడిగాను. నలుగురు చూశారు, ఎవరూ చెప్పలేదు. ఒకడు 'సర్, మమ్మల్ని పరీక్షిస్తున్నారా?' అని రాశాడు.

"నిజంగనే రాదని రాయి. లేకుంటే చెప్పరు," అంది పిల్ల.

రాశాను. రెండు ముక్కలు టైపు చెయ్యడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తొమ్మిది నిమిషాల్లో జవాబు వచ్చింది, మెట్టు మెట్టుకూ వివరంతో. పిల్ల నోట్సులో ఎక్కించుకుంటుంటే నేనూ ఒక కాగితం తీసుకున్నాను. మూడో మెట్టు దగ్గర ఆమె ఆగి, నా కాగితం లాక్కుని చూసింది.

"ఈడిదాక సమజైందా అంకుల్?"

కాలేదన్నాను. మళ్లీ మొదటి నుంచి చెప్పింది.