కిటికీలు మరచిన బడి

దేశానికి స్వాతంత్ర్యం వచ్చేనాటికి మా ఊరి బడిలో పంతుళ్లకు శిక్షణ కూడా ఇస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ల కుర్రవాళ్లు జొన్నరొట్టెలు మూటకట్టుకుని మా ఊరికి చదువుకోవడానికి వచ్చేవాళ్లు. అంత బడిని కట్టింది ఏ దొరా కాదు, కూలికి పోయే మావాళ్లు. కట్టేటప్పుడు వాళ్లు చేసిన తప్పు తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే కళ్లలో నీళ్లూ తిరుగుతాయి.

కోడుమూరు దగ్గర పల్లె మాది. ఐదో తరగతి వరకు చర్చిలోనే చెప్పేవారు. ఆరు కావాలంటే వేరే కట్టడం ఉండాలన్నారు. ఆరు రాకపోతే, ఐదు ముగించిన నేను కలుపుకు పోవాలి. ఇంట్లో కొడవలి కూడా సిద్ధంగా ఉంది.

మా ఆడవాళ్లు జొన్నలు విసిరే ముందు ఒక పిడికెడు తీసి బడి కుండలో వేసేవాళ్లు. మేస్త్రీకి, చదువు చెప్పే అయ్యవారికి అదే తిండి. మగవాళ్లు కూలి నుంచి వచ్చి గుట్ట మీది రాళ్లు మోసేవారు. గోడలకు మట్టి మెత్తింది మా అమ్మ, ఆమె తోటివాళ్లు. హైదరాబాదు చూసొచ్చిన బట్టల సాయిబు ఒకాయన అటు వచ్చినప్పుడల్లా, "ఏమప్పా, మీ యూనివర్సిటీ యాడిదాకా వచ్చింది?" అని ఆటపట్టించేవాడు.

బడి పూర్తయింది. ఆరో తరగతి ఇవ్వొచ్చో లేదో చూడటానికి బడుల ఇన్‌స్పెక్టరు వచ్చారు. లోపలికి వెళ్లి, కళ్లు చికిలించి, "కిటికీలేవీ?" అన్నారు.

పని చేయించిన మా పెదనాయన గర్వంగా పైకి చూపించాడు. "గవాచి పెట్టినాం గదా సామీ!"

మిద్దె కప్పులో వెలుగు కోసం వదిలే బెత్తెడు కంతను మేం గవాచి అంటాం. మా ఇళ్లన్నిటికీ అదే వెలుగు. కిటికీ పెడితే వడగాలి వస్తుంది, దొంగ వస్తాడు. బడికి మాత్రం కిటికీ కావాలని ఒక్కరికీ తోచలేదు.

"పిల్లలకు అక్షరాలు కనిపించాలి కదయ్యా. పత్తికొండ వెళ్లి ఎల్లుండి ఇటే వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే వచ్చే ఏడాది చూద్దాం," అని ఆయన వెళ్లిపోయారు.

నాకు కొడవలి గుర్తొచ్చి ఏడుపొచ్చింది. మా అమ్మ గడ్డపార తెచ్చి, తను మెత్తిన గోడకే వేసింది ఒక్క పోటు.

"గోడ కూలుతుంది మే!" అని పెదనాయన అరిచాడు.

"కూలితే మళ్లా కట్టుకుందాం. దీని ఆరో తరగతి మళ్లా వస్తాదా?"

ఆ మాటతో అందరూ కదిలారు. కంతలు కొట్టారు గాని పై గోడ నిలవడానికి వాటి మీద అడ్డంగా పెట్టే పొడుగు బండలు లేవు. మా అమ్మ మా ఇంటి అరుగు బండ పెకలించి మోయించుకొచ్చింది. ఆమెను చూసి మిగతా ఇళ్లవాళ్లూ పెకలించారు. రెండు రోజులకు ఆరు కిటికీలు లేచాయి, ఆరు ఇళ్లకు అరుగులు పోయాయి.

ఇన్‌స్పెక్టరు తిరిగొచ్చి, కిటికీలను చూసి, కూర్చుని నన్ను చదవమన్నారు. మెల్లగా నాలుగు వాక్యాలు చదివాను. చాలన్నట్టు ఆయన కాగితాలు తీశారు. ఆరో తరగతి వచ్చినట్టేనని మా అయ్యవారి ముఖం చూస్తే తెలిసింది.

అప్పుడు కిటికీ మీద నిలిపిన మా అరుగు బండ కింద నుంచి, మట్టి కొట్టుకుపోయిన ముఖంతో అమ్మ లోపలికి తొంగిచూసింది. నేను చదవగా ఆమె అంతవరకు ఎప్పుడూ వినలేదు.

"సరిగ్గా సదివిందా సామీ?"

"బాగా చదివిందమ్మా."

"అట్లయితే ఇంగ రవ్వంత సదవమను సామీ. నేనిప్పుడే వచ్చినా."

ఆయన సంతకం పెట్టబోయి కలం ఆపారు. నేను పాఠం మళ్లీ మొదటినుంచి ఎత్తుకుని, చివరిదాకా గట్టిగా చదివాను.