ఎడమ పక్క ముందు వేసిన లాంచీ

చెక్క బద్దల వరస గురించి నేనాడిన ఒక అబద్ధం పందొమ్మిదేళ్లుగా నాతోనే ఉంది. ఒక్క మాట. అంత చిన్న మాటకు ఇంత బరువు ఎక్కడిదని చాలాసార్లు ఆలోచించాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను భద్రాచలంలో లెక్కల టీచరుగా పనిచేశాను. మావారు గోదావరి మీద లాంచీ నడిపిన సరంగు. ఆయన నడిపిన లాంచీని తుక్కు కింద కోసేశాక, దాన్నే మూరెడు బొమ్మగా చేసి అదే నదిలో వదలాలని పట్టుబట్టారు. టేకు కర్ర ఆయన స్నేహితుడు వెంకన్న ఇచ్చాడు. వెంకన్నకు సామిల్లు ఉండేది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే బడి. సాయంత్రమైతే మావారు అక్కడే కూర్చునేవారు.

పని మొదలుపెట్టకముందే ఇంట్లో ఒకటే చర్చ. లోపలి రంగు ఎప్పుడు వేయాలి? పైకప్పు బిగించాక చెయ్యి దూరదు కదా? చుక్కాని ముందా, గది ముందా? ఏది ముందు, ఏది తర్వాత అనే ప్రశ్న లెక్కల మనిషికి బెల్లం ముక్క. అడుగు దూలం మీద పక్కటెముకల్లాంటి చట్రాలు నిలబెట్టాక, నానబెట్టిన సన్నటి బద్దలు వంచి వాటికి అతికించాలి. అక్కడ ఆయనకొక నియమం ఉండేది. ఎడమ పక్క ఒకటి వేస్తే కుడి పక్క ఒకటి. ఎందుకని అడిగాను. పడవలు చేసేవాళ్లు అట్లాగే చేస్తారన్నారు. అదొక జవాబా? కూడికలో ఏది ముందు వేసినా మొత్తం మారదు కదా అనుకున్నాను.

చట్రాలు నిలబెట్టిన వారంలోనే అత్తయ్యను ఖమ్మం దవాఖానాలో చేర్చాల్సి వచ్చింది. మావారు ఆమెతో వెళ్తూ, బద్దలు నన్ను వేయమన్నారు. నేను ఎడమ పక్క మొత్తం వేసేశాను. ఆ తర్వాతే కుడి. తొందరపడి కాదు, మరిచిపోయీ కాదు. ఏమవుతుందో చూడాలని. ఏమీ కాదని ఆయనకు చూపించాలని కూడానేమో. ఆయన తిరిగొచ్చి, వేళ్లతో తడిమి, నున్నగా కుదిరిందని మెచ్చుకున్నారు. కంటికి ఏ తేడా కనిపించలేదు.

నీళ్లలో వదిలినప్పుడు కనిపించింది. ఎంత సూటిగా వదిలినా లాంచీ ఎడమకే తిరిగింది.

"ఏందిరా, దీని సరంగు తాగిండా?" అని వెంకన్న ఒడ్డున నిలబడి నవ్వాడు.

మావారు నవ్వలేదు. దాన్ని తిరగేసి చూశారు. దూలం వంగి ఉంది. "పచ్చి కర్ర అంటగట్టి మళ్లా నవ్వుతున్నవా?"

"పచ్చిదా? ఏండ్ల సంది నా షెడ్డుల ఎండిన కర్ర అది!" వెంకన్న నా వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, బద్దలు నువ్వే ఏసినవంట గదా. అటొకటి ఇటొకటి ఏసినవా?"

"అవ్ అన్నా," అన్నాను.

కాసేపు నన్నే చూశాడు. "టీచరమ్మ లెక్క తప్పదు. అయితే నా కర్రదే తప్పు."

మావారు మళ్లీ ఆ సామిల్లు మెట్టెక్కలేదు. బజారుకు కూడా వేరే దారిన వెళ్లేవారు. సాయంత్రాలు అరుగు మీద ఒక్కరే కూర్చునేవారు. చెప్పేద్దామని ఎన్నిసార్లు నోరు తెరిచానో! తెరిచి, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకున్నాను. నా లెక్క తప్పదన్న పేరు, ఆయన స్నేహితుడి కంటే నాకు ముద్దయిందా? అయింది.

నన్ను కాపాడిన అనుమానం ఒకటి ఉంది. ఒకవేళ కర్ర నిజంగానే పచ్చిదేమో? పోయినేడు మావారు పోయారు. వెంకన్న వచ్చి ఆయన కాళ్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత నాకిక ఆ అనుమానం చాటున ఉండబుద్ధి కాలేదు. బాగా ఎండిన కర్ర తెప్పించి రెండు లాంచీలు మొదలుపెట్టాను. ఒకదానికి బద్దలు జంటగా వేశాను. రెండోదానికి ఎడమ పక్క మొత్తం ముందు. జంటగా వేసింది సూటిగా నిలిచింది. రెండోది ఆరేకొద్దీ వంగింది, ఆనాటిలాగే ఎడమకు. నానిన బద్ద ఆరుతూ బిగుసుకుంటుంది. అవతల పక్క ఎదురు లాగే బద్ద లేకపోతే దూలాన్ని తనవైపు లాక్కుంటుంది. ఇంతే సంగతి! అది వంగుతుంటే, ఎట్టకేలకు తెలిసిందని సంబరపడ్డాను. ఆ సంబరం ఇంకెవరికీ చెప్పలేను.

వెంకన్న ఇప్పుడు సత్తుపల్లిలో కూతురి దగ్గర ఉంటున్నాడు. ఇంకా ఫోన్ చేయలేదు. తిడతాడని కాదు. 'పోనీలే చెల్లెమ్మా' అంటాడని భయం. వెంకన్న అలా అన్నా, స్నేహితుణ్ణి అనుమానిస్తూనే పోయిన మనిషికి నేనేం చెప్పను?

అందుకని ముందు ఇక్కడ రాస్తున్నాను. కర్ర ఎండినదే. ఎడమ పక్క మొత్తం నేను ముందు వేశాను. అడిగితే అబద్ధం చెప్పాను.

రాసి చూస్తే మూడు చిన్న వాక్యాలు. ఊపిరి కాస్త లోతుగా ఆడుతోంది. వెంకన్నకు మాత్రం ఇంకా తెలియదు.