చెల్లెలికి ఏం నేర్పాలి

మా చెల్లెలికి చెవులు వినపడవన్న సంగతి దానికి ఐదేళ్లు నిండేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఈ మాట చెబితే ఇప్పటివాళ్లు నన్ను వింతగా చూస్తారు. కన్నతల్లికి కూడా తెలియకపోవడమేమిటి అంటారు. అలా అనేవాళ్లెవరూ మగ్గాల మధ్య పుట్టి పెరిగినవాళ్లు కారు.

షోలాపూర్‌లో జోడ్‌భావి పేట్‌లో ఉండేవాళ్లం. ఇంటి ముందు గదంతా మగ్గాలే. పొద్దున మిల్లు భోంగా, అదే సైరన్, మోగిన దగ్గర్నుంచి దీపాలు పెట్టేదాకా ఆ చప్పుడులో ఒకరి మాట ఇంకొకరికి అందేది కాదు. అందుకని సగం చేతులతో, సగం పెదవులతో మాట్లాడుకునేవాళ్లం. పిలవాలంటే భుజం తట్టాలి. బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టి టక్కున విడదీస్తే పోగు తెగిందని అర్థం. ఆ సైగ చూడగానే ఎవరో ఒకరు లేచి వెళ్లి తెగిన పోగు అతికించి, అవే రెండు వేళ్లు నలిపి చూపించేవారు. అతుకు పడింది, ఇక నేయమని. నాయన అంటే మీసం మెలిపెట్టడం, నేనంటే జడ లాగడం, అమ్మ అంటే ముక్కుపుడక ఉండే చోట వేలు పెట్టడం. ఇన్ని సైగల ఇంట్లో మాట్లాడని పిల్ల ఒకతి తిరుగుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది? మాట తక్కువ, బుద్ధిమంతురాలు అని ఇరుగుపొరుగు మెచ్చుకునేవాళ్లు. నోటికి అదుపు లేదని నన్ను తిట్టాల్సి వచ్చినప్పుడల్లా దాన్నే చూపించేవాళ్లు. నాయనమ్మ మాత్రం మాట ఆలస్యమైందని ఎల్లమ్మకు మొక్కుకుంది.

నేను మునిసిపాలిటీ వాళ్ల మరాఠీ బడిలో నాలుగో తరగతి చదువుతున్నాను. చెల్లెల్ని నేనే చేయి పట్టుకుని తీసుకెళ్లాను. చేరిన కొద్ది రోజులకే బాయి, అంటే మా పంతులమ్మ, దాని వెనక నిలబడి పేరు పిలిచింది. మళ్లీ పిలిచింది. తరగతిలో పిల్లలందరూ తిరిగి చూశారు, మా చెల్లెలు తప్ప.

"హిలా ఐకూ యేత్ నాహీ" అంది బాయి నాతో మెల్లగా. దీనికి వినపడదు అని.

ఆమె చెడ్డమనిషి కాదు. ఇలాంటి పిల్లకు చదువు చెప్పడం తనకు రాదనీ, ఏం నేర్పినా ఇంట్లోనే నేర్పించుకోమనీ చెప్పి, పలకా బలపం నా చేతిలో పెట్టి పంపేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. పలకవేమే అని దారి పొడుగునా దాన్ని తిడుతూనే వచ్చాను. అది నా పెదవులకేసి చూస్తూ, నేనేదో సరదా కబురు చెబుతున్నాననుకుని నవ్వుతూ వచ్చింది.

అమ్మ నమ్మలేదు. అమావాస్య నాడు మగ్గాలు ఆపుతారు. ఆ రోజు దాకా ఆగి, చెల్లెలు వాకిట్లో కూర్చుని గవ్వలు ఆడుకుంటుంటే వెనక నిలబడి పూజగంట మోగించింది. మోగిస్తూనే ఉంది. పక్కింటివాళ్లు వచ్చి గుమ్మంలోంచి తొంగిచూశారు. చెల్లెలు నా ముఖం చూసి ఏదో జరుగుతోందని గ్రహించి అప్పుడు వెనక్కి తిరిగింది. అమ్మ గంట కింద పెట్టి, చెల్లెల్ని ఎత్తుకుని, ఆ పూటంతా దించలేదు.

ఇక మా ఇంట్లో మొదలైంది తగువు. ఇంట్లోనే నేర్పాలి, సరే, ఏం నేర్పాలి? నాయనమ్మకు ఇదొక ప్రశ్నే కాదు. రాట్నం ముందు కూర్చోబెట్టి కండెలు చుట్టడం నేర్పితే దాని తిండి అది సంపాదించుకుంటుంది, చెవిటిదానికి పుస్తకమెందుకు అంది. నాయన మరాఠీ పట్టు పట్టాడు. నా పాత ఒకటో తరగతి పుస్తకం ఇంట్లో ఉండనే ఉంది, నేర్పడానికి నేనున్నాను.

"ఈ ఊర్ల దుకాన్ల మీద రాసే పాటీలు, కచేరి కాయిదాలు, అన్నీ మరాఠీనే. తెలుగు నేర్సి ఏం జేస్తది?" అన్నాడు.

అమ్మకు ఏ అక్షరమూ రాదు. మగవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో కలగజేసుకునే మనిషి కూడా కాదు. ఆ రోజు మాత్రం కండె కింద పెట్టి లేచి వచ్చింది.

"దానికి దుకాన్ పాటీ ఎందుకయ్యా? అది మన మూతులు జూసి బతుకుతుంది. మనం ఏ మాట అంటమో అదే పలక మీద ఉండాలె."

నాయన లేచాడు. మరాఠీ పుస్తకం తీసి అటక మీద పెట్టేశాడు. ఆయనకు భజన పుస్తకాలు చదివేంత తెలుగు వచ్చు. నాకు అదీ రాదు. కరీంనగర్ దిక్కు నుంచి వచ్చిన ఇంట్లో పుట్టి, తెలుగులోనే తిట్టి, తెలుగులోనే ఏడ్చిన నేను తెలుగు అక్షరాలు చెల్లెలితో కలిసి నేర్చుకున్నాను. నన్ను బడి మాన్పించారు. ఇంకెందుకమ్మా, ఇంట్లో పంతులమ్మవైతివి గదా అని నాయన నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు. కానీ లోలోపల కొంచెం గర్వంగానే ఉండేది.

వరుసగా అక్షరమాల మొదలుపెట్టబోతే అమ్మ ఆపింది. ఆ లెక్కన దీనికి అన్నం అనడం వచ్చేసరికి ముసలిదవుతుంది అంది. ఏ రోజు ఏ మాట నేర్పాలో తనే చెప్పేది. కుండ మీద నాయన సుద్దతో నీళ్లు అని రాసేవాడు. నేను ఆ మాట పెదవులతో నెమ్మదిగా అనేదాన్ని. అది నా మూతికేసి చూసి, కుండకేసి చూసి, పలక మీద గీసేది. అన్నం, పొయ్యి, తలుపు, బావి. మంట అన్న మాటకు మా అమ్మ నా చేత అగ్గిపుల్ల గీయించి, చెల్లెలి వేలు దగ్గర పట్టించింది. చెల్లెలు చురుకైనది. ఒకసారి చూసిన మాట మరిచిపోయేది కాదు. వంకర టింకర అక్షరాలే, కానీ తప్పు ఉండేది కాదు.

అవి యుద్ధం రోజులు. నూలు కంట్రోల్లోకి వెళ్లి, సర్కారు ఇచ్చినంతే దొరికేది. వారంలో సగం రోజులు మగ్గాలు ఊరికే పడి ఉండేవి. ఇల్లు నిశ్శబ్దమయ్యాక అమ్మ దగ్గు మాకు వినపడింది. ఎన్నాళ్ల నుంచి దగ్గుతోందో ఆ మగ్గాలకే తెలియాలి. ఆసుపత్రిలో చూసి క్షయ అన్నారు. పిల్లల్ని దగ్గరికి రానీయొద్దన్నారు. అమ్మ మంచం వెనక వసారాలోకి మారింది. కంచం వేరు, చెంబు వేరు. చెల్లెలు పరుగెత్తుకు వెళితే అమ్మే చేయి అడ్డం పెట్టి ఆపేది. అది అక్కడే గడప మీద కూర్చుని ముక్కు మీద వేలు పెట్టుకుని చూపించేది, అమ్మా అని. అమ్మ కూడా ముక్కుపుడక తాకి, ఇక్కడే ఉన్నా అన్నట్టు తల ఊపేది. రోజుకు ఎన్నిసార్లు జరిగేదో ఈ ముచ్చట.

పాఠాలు మాత్రం ఆగలేదు. మంచం మీంచే అమ్మ ఆ రోజు మాట చెప్పేది, గడప ఇవతల మేమిద్దరం కూర్చునేవాళ్లం. అక్క అన్న మాట నేర్పించింది, నాయన అన్న మాట, నాయనమ్మ అన్న మాట నేర్పించింది. ఇంట్లో అందరి పేర్లూ అయిపోయాయి. ఒక రోజు, ఇక ఇది మిగిలింది కదా అని, నా అంతట నేనే పలక మీద అమ్మ అని రాసి, చెల్లెలి వైపు తిరిగి పెదవులు కలిపి ఆ మాట అనబోయాను. అమ్మకు అక్షరం రాకపోయినా పెదవులు చదవడం వచ్చు. చెరిపేయమని చెయ్యి ఊపింది.

"ఆ మాట వద్దు బిడ్డా" అంది.

ఎందుకొద్దని గట్టిగానే అడిగాను. అమ్మ కాస్త ఊపిరి తీసుకుంది.

"నేను లేనప్పుడు దానికి ఏమేం గావాల్నో అవి నేర్పు. నన్ను నేర్పి ఏం జేస్తవ్? నొప్పి నేర్పు. నోరు లేని పిల్ల. యాడ నొస్తుందో చెప్పుకోవాలె గద."

నాకు ఏడుపుతో పాటు కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంలో అమ్మ అన్న మాట చెరిపి నొప్పి అని రాసి, చెల్లెలి చెయ్యి పట్టుకుని గిచ్చాను. గట్టిగానే గిచ్చాను. అది ఉలిక్కిపడి, పలకకేసి చూసి, నా మూతికేసి చూసి, సంగతి అర్థమైపోయి, తిరిగి నన్ను రెండింతలు గట్టిగా గిచ్చింది. గిచ్చి, పలక లాక్కుని నొప్పి అని రాసి, ఎక్కడ అన్నట్టు అరచెయ్యి తిప్పి నన్నే అడిగింది. అమ్మ నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగి, చాలాసేపు ఆగలేదు. ఆ తర్వాత వారం రోజులు చెల్లెలు ఇంట్లో అందర్నీ గిచ్చి ఎక్కడ నొప్పి అని అడుగుతూ తిరిగింది. నాయనమ్మ దాన్ని తప్పించుకోవడానికి కొంగు చేతులకు చుట్టుకుని తిరిగేది.

ఎండలు ముదిరే వేళకు అమ్మ పోయింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త చీర కట్టి వాకిట్లో పడుకోబెట్టారు. అన్నాళ్ల తర్వాత అమ్మను దగ్గరగా చూడనిచ్చారని చెల్లెలికి సంతోషం. కొత్త చీర పట్టుకుని చూసి, ఏదో పెళ్లికి బయల్దేరిందనుకుని, తనూ వస్తానని సైగ చేసింది. ఏడుస్తున్న ఆడవాళ్లందరూ ఇంకా ఏడ్చారు. మోసుకెళుతుంటే వెంటపడింది. పక్కింటి పెద్దమ్మ ఎత్తుకుని లోపలికి తీసుకెళ్లింది.

కర్మలు అయ్యాక నాయన మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు. ఆ రోజు నూలు ఉంది, అన్ని మగ్గాలూ ఆడుతున్నాయి. చెల్లెలు వెనక వసారాకు వెళ్లి వచ్చింది, అమ్మ కండెలు చుట్టే మూలకు వెళ్లి వచ్చింది. నాయన భుజం తట్టి, ముక్కు మీద వేలు పెట్టి, అరచెయ్యి తిప్పింది. అమ్మ ఎక్కడ అని. నాయన తల వంచుకుని నేస్తూనే ఉన్నాడు. నాయనమ్మను అడిగింది. నాయనమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు నా దగ్గరికి వచ్చింది. నేను కదా దాని పంతులమ్మను.

ఆ పాఠం గురించి ఎవరూ ఆలోచించలేదు. మరాఠీనా తెలుగా అని అంత వాదించుకున్నవాళ్లం. దీనికి ఏ భాషలోనూ మా దగ్గర మాట లేదు. అన్నీ ముందే ఎంచిపెట్టిన అమ్మ కూడా దీన్ని నా నెత్తిన వదిలేసి పోయింది. అందుకు ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాకు తోచింది మగ్గాల సైగ ఒక్కటే. ముక్కు మీద వేలు పెట్టాను. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, విడదీశాను. అమ్మ. తెగిపోయింది.

చెల్లెలు నా వేళ్లకేసి చూసింది. తర్వాత నా చెయ్యి అందుకుని, విడిపోయిన నా రెండు వేళ్లనూ దగ్గరికి చేర్చి, తన చిన్న వేళ్లతో నలిపింది. అతికించమని. పోగు తెగిందని చెప్పి ఊరికే కూర్చునే మనిషిని మా ఇంట్లో అది ఎప్పుడూ చూడలేదు. నేను కదలకపోయేసరికి మళ్లీ నలిపింది. తల అడ్డంగా ఊపాను. నా కళ్లు చూసి, పెదవులు చూసి, ఇంకేమైనా చెబుతానేమోనని చూస్తూ ఉంది. నేను ఇంకోసారి తల అడ్డంగానే ఊపాను.

అది వెళ్లి పలక తెచ్చుకుంది. నా ముందు కూర్చుని, వంకర అక్షరాలతో నొప్పి అని రాసి చూపించింది.

ఎక్కడ అని చెయ్యి తిప్పి అడిగాను. ముక్కు మీద వేలు పెట్టుకుంది.