కొమురయ్య ఉరఫ్ ఐలయ్య

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు ఎండాకాలంలో నన్ను భద్రాచలం నుంచి కారేపల్లి అవతల అడవి అంచున ఉన్న ఒక మండలానికి తహసీల్దారుగా బదిలీ చేశారు. ఒక పక్క పోడు భూములు, ఇంకో పక్క బొగ్గు బావులు. అక్కడ గనిని బావి అనే అంటారు. పోడు తగాదాలు నాకు కొత్త కావు, భద్రాచలంలో ఉన్నన్నాళ్లూ అవే నా తిండీ నిద్రా. బావుల సంగతి మాత్రం బొత్తిగా తెలియదు. తెలియదన్న విషయం తెలియడానికి కూడా కొంతకాలం పట్టింది.

సర్టిఫికెట్లు ఎలా పుడతాయో బయటివాళ్లకు తెలియదు కాబట్టి చెబుతాను. దరఖాస్తు మీసేవలో పెడితే ఆన్‌లైన్‌లో మా కార్యాలయానికి వస్తుంది. గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఊరికి వెళ్లి ఇరుగుపొరుగు వాళ్లను అడిగి పంచనామా రాస్తాడు. దాన్ని చూసి తహసీల్దారు డిజిటల్ సంతకం పెట్టాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి. నేను వెళ్లి చూడని ఇల్లు, నేను మాట్లాడని మనిషి గురించి నేను హామీ ఇస్తున్నానన్నమాట. గిర్దావర్ తెలివైనవాడైతే బతికిపోతాం.

మా గిర్దావర్ వెంకన్న తెలివైనవాడే. కానీ ఆ వానాకాలం అతను పంపిన ఒక నివేదిక చదివి నాకు తల తిరిగింది. దరఖాస్తుదారు పేరు కొమురయ్య ఉరఫ్ ఐలయ్య. ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని మేం ధ్రువీకరించాలట. కూతురికి ఇంగ్లండులో పీజీ సీటు వచ్చింది, స్టూడెంట్ వీసాకు కావాలట. ఇంతవరకు బాగానే ఉంది. కింద పంచనామాలో ఇలా ఉంది: సదరు కొమురయ్య బావిలో పనిచేయుచున్న ఐలయ్యయే. సదరు ఐలయ్య కల్లూరు దగ్గర వ్యవసాయం చేయుచున్నాడు. బస్తీవాసులందరూ రెండు సంగతులనూ బలపరిచినారు.

వెంకన్నను పిలిచి, జ్వరంగానీ వచ్చిందా అని అడిగాను. నవ్వాడు. "బావుల కాడ ఇది మామూలే మేడం" అన్నాడు. ఏది మామూలో చెప్పలేదు, నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు. నాకు తెలియదని చెప్పడానికి కుర్చీ అడ్డం వచ్చింది. అందరినీ ఆఫీసుకు రమ్మని కబురు పెట్టించాను.

నలుగురు వచ్చారు. అమ్మాయి మౌనిక, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. ఆమె తల్లి లచ్చమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. ఇద్దరు మగవాళ్లు, ఒకే ముక్కు, ఒకే నుదురు, అన్నదమ్ములని చూస్తేనే తెలుస్తోంది. ఐలయ్య ఎవరని అడిగాను. ఇద్దరూ లేచారు. సరే, కొమురయ్య ఎవరని అడిగాను. వాళ్లలో చిన్నవాడు కూర్చుని, మళ్లీ లేచాడు. వెంకన్న కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

అసలు సంగతి మౌనిక చెప్పింది. కుర్రవాడిగా ఉన్నప్పుడు ఐలయ్యకు బావిలో ఉద్యోగం వచ్చింది. ఒక్కరోజు కిందికి దిగి, పైకి రాగానే ఇక దిగనన్నాడు. వచ్చిన ఉద్యోగం పోగొట్టుకోవడమెందుకని ఇంట్లోవాళ్లు తమ్ముడు కొమురయ్యను పంపారు. మర్నాటి నుంచి కొమురయ్యే ఐలయ్య. బొగ్గు ప్రాంతంలో దీన్ని మారుపేరు అంటారట. ఒకరి పేరు మీద ఇంకొకరు జీవితమంతా పనిచేసి రిటైరైన వాళ్లు ఇంటికొకరు లేకపోయినా వాడకొకరు ఉన్నారని వెంకన్న అన్నాడు. కొమురయ్యకు బ్యాంకు ఖాతా, ఆధారు, ఓటు, అన్నీ ఐలయ్య పేరు మీదే. అన్నగారికీ అన్నీ ఐలయ్య పేరు మీదే, ఆయన అసలు ఐలయ్య కాబట్టి.

అమ్మాయి ఒక్కతే ఈ ఏర్పాటులోకి రాలేదు. లచ్చమ్మ కాన్పు పుట్టింట్లో జరిగింది. పంచాయతీలో పుట్టుక రాయించింది ఆమె తండ్రి. అల్లుడి పేరు ఏమిటంటే ఊళ్లో పిలిచే పేరు చెప్పాడు. అక్కడి నుంచి బడిలో, పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో తండ్రి కొమురయ్య అయ్యాడు. వీసాకు చదువు ఖర్చు తల్లిదండ్రుల ఖాతాలో ఉందని చూపాలి. ఖాతా ఐలయ్యది, తండ్రి కొమురయ్య. ఖమ్మంలోని కన్సల్టెన్సీ కుర్రాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఈ ఐలయ్య నీకేమవుతాడని అడిగాడట.

ఇప్పుడు నా సంగతి వినండి. ఇద్దరూ ఒకరేనని నేను సంతకం పెడితే, ఆయన వేరొకరి పేరుతో ఉద్యోగం చేస్తున్నాడని ప్రభుత్వం ధ్రువీకరించినట్టే. ఎవరైనా ఆ కాగితం తీసుకెళ్లి బొగ్గు కంపెనీలో ఇస్తే, రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషికి ఉద్యోగమూ పోతుంది, రావలసినవీ పోతాయి. సంతకం పెట్టకపోతే అమ్మాయికి వీసా రాదు. పైగా దొంగ కాగితాలు పెట్టిందని వీసా ఇచ్చేవాళ్లు రాశారంటే మళ్లీ దరఖాస్తు పెట్టుకునే దారి కూడా మూసుకుపోవచ్చు. తండ్రో, కూతురో, ఎవరో ఒకరు మునగాలి. ఎవరిని ముంచాలో నన్ను తేల్చమంటున్నారు. సర్వీసులో నాకు ఇంత అయోమయం ఎప్పుడూ లేదు. రూల్సు పుస్తకాలు తిరగేశాను. ఉరఫ్ అనే మాట ఎక్కడ వాడాలో ఉంది. రెండో పేరు గల మనిషి వేరే ఉంటే ఏం చేయాలో లేదు.

అసలు ఐలయ్య దగ్గర మాత్రం మందు సిద్ధంగా ఉంది. "పిల్ల నా బిడ్డనే అని రాయుండ్రి మేడం. పెదనాయినంటే నాయిన కాదా ఏంది? నా పేరు ఐలయ్యనే గద, అబద్ధం ఏముంది?" అన్నాడు. వెంకన్న ఇంకోటి చెప్పాడు. గెజిట్‌లో ప్రకటన ఇచ్చి అమ్మాయి కాగితాలన్నిటిలో తండ్రి పేరు ఐలయ్యగా మార్పించుకుంటే గొడవే ఉండదు, ఆలస్యమవుతుంది అంతే.

మౌనిక అప్పటిదాకా నెమ్మదిగా మాట్లాడింది. ఆ మాట వినగానే ఫైలు మూసేసింది. "నా కాగితాల్ల తప్ప మా నాయిన పేరు ఇంకెక్కడ లేదు మేడం. గదీ తీసేయాలంటే నాకు ఇంగ్లండ్ వద్దు, ఈడనే ఏదన్న చేసుకుంట" అంది. తండ్రి తల వంచుకుని చెప్పుల వైపు చూస్తున్నాడు. తహసీల్దారు జాలిపడుతూ కనబడకూడదు గనుక గట్టిగా అరిచాను, అసలీ సర్టిఫికెట్ తెమ్మని ఎవరు చెప్పారని.

కన్సల్టెన్సీ వాళ్లని చెప్పింది. వీసా ఇచ్చేవాళ్లు అడిగారా అంటే తెలియదంది. వాళ్ల నిబంధన ఫోన్‌లో తీసి చదవమన్నాను. ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పమన్నాను. డబ్బు తల్లి లేదా తండ్రి ఖాతాలో నెల రోజులపాటు కదలకుండా ఉండాలి, వాళ్లు కన్నవాళ్లని పుట్టిన సర్టిఫికెట్ చూపాలి అని చెప్పింది. మళ్లీ చదవమన్నాను. తల్లి లేదా అనే చోట ఆ అమ్మాయే ఆగిపోయింది.

అందరం తలుపు వైపు చూశాం. లచ్చమ్మ బెదిరిపోయి, ఏందట అని కూతుర్ని అడిగింది. పుట్టిన సర్టిఫికెట్‌లో లచ్చమ్మ, ఆధారులో లచ్చమ్మ, పొదుపు సంఘం కోసం తెరిచిన బ్యాంకు పాసుబుక్కులో లచ్చమ్మ. ఆమె పేరుతో ఎవరూ బావిలోకి దిగలేదు. నీ పేరు మీద ఖాతా ఉందని ముందే ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "నన్నెవలన్న అడిగితే గద" అంది. గిర్దావరు, కన్సల్టెన్సీ, అన్నదమ్ములు, చివరికి ఆడదాన్నయిన నేను కూడా తండ్రి ఎవరని తెగ వెతికాం గాని, తల్లి సంగతి ఒక్కరమూ ఎత్తలేదు. డబ్బు ఆమె ఖాతాలోకి మార్చి నెల ఆగితే కాలేజీ తెరిచేలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు, గడువు సరిపోతుంది.

ఇక మిగిలింది మా దగ్గరున్న దరఖాస్తు. దరఖాస్తుదారే వద్దనుకుంటే విచారణ ముగించనవసరం లేదు, నివేదిక మీద నేను సంతకం పెట్టనవసరమూ లేదు. ఉపసంహరించుకుంటున్నానని ఒక తెల్లకాగితం ఇస్తే చాలు. మౌనికే నాలుగు లైన్లు రాసింది. సంతకానికి తండ్రికి ఇచ్చాను. ఆయన చకచకా పెట్టేశాడు. చూస్తే ఐలయ్య అని ఉంది.

ఇది పనికిరాదన్నాను. దరఖాస్తు కొమురయ్యది, కొమురయ్య అనే పెట్టాలి. ఇంకో కాగితం రాయించి ఇచ్చాను. పెన్ను పట్టుకున్నాడు గాని కాగితం మీద ఆనించలేదు. ఒంట్లో బాగాలేదా అని అడిగాను.

"అది రాయరాదు మేడం" అన్నాడు. "జీతం నాడు సంతకం పెట్టాలని బావి కాడ రాత్రి బడిల నేర్పిచ్చిండ్రు. ఐలయ్య అనే నేర్పిచ్చిండ్రు."

వెంకన్న ఇంకుప్యాడు జరిపాడు. ఆయన ఎడమ బొటనవేలు అద్దాడు. మౌనిక పెన్ను తీసుకుని, ఆ ముద్ర పక్కన కొమురయ్య నిశాని అని రాసింది. ఆయన ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు.

అమ్మాయికి వీసా వచ్చిందని వెంకన్న ద్వారా విన్నాను. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, సర్టిఫికెట్ కావాలని ఎవరొచ్చినా ముందు అది అడిగిన కాగితం చూపించమనేదాన్ని. చాలామందికి ఆ సర్టిఫికెట్ అవసరమే ఉండేది కాదు. ఇంకొకటి కూడా మానేశాను. విచారణ పత్రాల్లో సంతకం పెట్టినవాళ్లందరి గురించీ చదవను రాయను వచ్చును అని రాయడం మాకు అలవాటు. సంతకం వచ్చిన ప్రతివాడికీ తన పేరు రాయడం వస్తుందని ఆ తర్వాత నేను ఎక్కడా రాయలేదు.