మామిడి షెడ్డులో యోగా క్లాసు

యోగా ఎందుకు నేర్పుతున్నావని ఎవరైనా అడిగితే మూడు కారణాలు వరుసగా చెబుతాను. నా నడుము నొప్పి దానితోనే తగ్గింది. పద్ధతిగా శిక్షణ తీసుకున్నాను. నలుగురికీ ఉపయోగం. మూడూ నిజాలే. కానీ వాటి కోసమే అయితే తెల్లవారకముందే లేచి షెడ్డు తాళం తీసేవాణ్ని కాదు.

ఇంజనీరింగ్ చదివాను. ఆగిరిపల్లిలో అద్దె గదిలో కూర్చుని, ఎక్కడో ఉన్న కంపెనీకి సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి పంపిస్తుంటాను. పనంతా టైపు చేయడమే. ఒక సాయంత్రం కొట్లో పాల ప్యాకెట్ అడగబోతే గొంతు పెగల్లేదు. ఆ రోజు నేను మాట్లాడబోయిన మొదటి మాట అదే. ముందురోజు మాట్లాడానా అంటే గుర్తు రాలేదు. ఏ వంకతో మనుషుల మధ్యకు వెళ్ళగలనా అని ఆలోచిస్తే, నా చేతిలో ఉన్నది యోగా ఒక్కటే.

సీజన్ కానప్పుడు మామిడి షెడ్డు ఖాళీగా ఉంటుంది. ఓనరుగారు ఉదయంపూట వాడుకోమన్నారు. సీజన్‌లో అక్కడే కాయలు ఏరే ఆడవాళ్ళు గోతాలు పరుచుకుని క్లాసుకు వచ్చారు. చివర్లో శవాసనం అనగానే ఒక పెద్దామె లేచి కూర్చుంది.

"పొద్దున్నే శవం ఊసెందుకు మాస్టారూ? ఊరికే పడుకోమనండి, పడుకుంటాం."

"ఆయన చెప్పకపోయినా నువ్వు పడుకుంటావులే," అంది పక్కనామె.

అప్పటినుంచి ఊరికే పడుకోమనే అన్నాను. వాళ్ళు కళ్ళు మూసుకున్నాక ఆ రేకుల కింద ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. అన్నీ నావి కాని ఊపిరులు. నేను నేర్పేది ఆ కాసేపటి కోసం. ఈ నాలుగో కారణం ఎవరికీ చెప్పలేదు.

బంగినపల్లి కోతలు మొదలయ్యాయి. "రేపట్నుంచి షెడ్డు కావాలండీ. కాయ అయిపోయాక మళ్ళీ మీ ఇష్టం," అన్నారు ఓనరుగారు. అంటే వేసవంతా గదిలోనే. మర్నాడు క్లాసు లేదని తెలిసీ అదే వేళకు వెళ్ళాను.

నేలంతా వరిగడ్డి, దాని మీద కాయల కుప్పలు. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని మచ్చకాయ పక్కకు, మంచికాయ ట్రేలోకి వేస్తున్నారు. ఎవరూ తలెత్తలేదు. వెనక్కి తిరగబోతుంటే పెద్దామె చూసింది.

"మెడ పట్టేసింది మాస్టారూ. ఆ తిప్పేదేదో చెప్పండి."

"పని ఆపకుండా ఎలాగమ్మా?"

"ఆపితే కూలి మీరిస్తారా ఏంటి? చేతులు ఖాళీ లేవు గానీ మెడ ఖాళీయే. మీరు నోటితో చెప్పండి చాలు."

అందరూ నవ్వారు. నేను గొంతు సవరించుకుని, "ఊపిరి తీసుకుంటూ తల కుడివైపుకు," అన్నాను. చేతులు కాయల మీదే ఉన్నాయి. తలలు మాత్రం తిరిగాయి. ఎడమవైపు చెప్పేలోగా లారీ హారన్ మోగింది. అందరూ ట్రేలు ఎత్తడానికి లేచారు.

అది వెళ్ళాక చెబుదామని గోడవారగా నిలబడ్డాను. దాని వెనకే ఇంకోటి వచ్చింది. నా పనివేళ కావడంతో గదికి వచ్చి కంప్యూటర్ తెరిచాను. సాయంత్రం వరకు ఎవరితోనూ మాట్లాడలేదు. మర్నాడు లారీలు రాకముందే వెళ్ళాలనుకుని, అలారం ఇంకాస్త ముందుకు జరిపాను.