దవాఖానా ఆట

దవాఖానా ఆట నేను సొంతంగా తయారుచేసింది. ట్రైనింగులో మాకు నేర్పిన ఆటల్లో అది లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నన్ను ఎవరైనా మెచ్చుకున్నారంటే ఆ ఆటను చూసే మెచ్చుకున్నారు. ఆ ఆటలోనే ఒక పిల్ల విషయంలో నేను పెద్ద తప్పు చేశాను. ఆ సంగతి పిల్ల తల్లికి నా నోటితో చెప్పాలని మూడేళ్లు అనుకున్నాను. ధైర్యం చాలలేదు. అంతకు మించి వేరే కారణమేమీ లేదు.

ఎనభైల్లో మాట ఇది. మా పుట్టిల్లు కల్లూరు వైపు. పెళ్లయి దమ్మపేట దగ్గర ఒక ఊరికి వచ్చాను. ఆ ఊరికి రెండు మైళ్ల దూరంలో, అడవి అంచున ఉన్న గూడెంలో అంగన్‌వాడీ తెరిచారు. గూడెంలో పదో తరగతి చదివిన ఆడవాళ్లు లేకపోవడంతో ఆ ఉద్యోగం నాకు వచ్చింది. పొద్దున్నే సద్దిగిన్నె పట్టుకుని నడిచి వెళ్లేదాన్ని. తడికెల గోడలు, తాటాకు కప్పు, ఒక బోర్డు, ఒక ఇనప పెట్టె, పాతికమంది పిల్లలు. వంటకూ, పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకురావడానికీ గూడెంలోనే ఉండే ఒక పెద్దావిడ ఆయాగా ఉండేది. పిల్లల ఇళ్లలో మాట్లాడేది కోయ భాష. నాకు అది రాదు. నా తెలుగు వాళ్లకు సగమే అర్థమయ్యేది. మొదటి నెలంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడిపాం.

మాటలు కుదరని చోట ఆటలే పనికొచ్చాయి. చింతగింజలతో లెక్క, మోదుగాకులతో చిన్నా పెద్దా, వెదురు ముక్కలతో పొడుగూ పొట్టీ, వాగు మట్టితో ఎడ్లూ బండ్లూ. నాకు ఓపిక తక్కువని మా అత్తగారి దగ్గర్నుంచి అందరూ అనేవాళ్లు గానీ, పిల్లల దగ్గర మాత్రం అదెక్కణ్ణుంచి వచ్చేదో వచ్చేది. నా పేచీ అంతా పెద్దవాళ్లతోనే. ఒకరోజు ఒక తండ్రి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“ఆడుకునుడు ఇంటికాడ ఆడుకుంటనే ఉన్నరు గద టీచరమ్మా. ఈడ గూడ ఆటేంది? అక్షరాలు చెప్పు,” అన్నాడు.

“మూడేండ్ల పిల్లలకు అక్షరాలేంది? ముందు వేళ్లకు బలం రానియ్యి. మట్టి పిసికితేనే వస్తది,” అన్నాను. గొంతు కొంచెం పెద్దదే చేశాను. అతను నవ్వి వెళ్లిపోయాడు. కొడుకును మాత్రం తీసుకుపోలేదు.

టీకాలేసే నర్సమ్మ నెలకోసారి వచ్చేది. ఆమె చేతిలో ఐసు డబ్బా కనిపిస్తే చాలు, పిల్లలంతా జీడిమామిడి తోటలోకి ఒకటే పరుగు. నేనూ ఆయమ్మా వెనకాల పడి ఒక్కొక్కర్ని పట్టుకొచ్చేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. ఆ భయం పోగొడదామనే దవాఖానా ఆట మొదలుపెట్టాను. సోడా మూతకు దారం కట్టి డాక్టరు మెడలో వేశాను. కొస నున్నగా అరగదీసిన వెదురు పుల్ల సూది. ఒక ఖాళీ టానిక్కు సీసా. మందు గోలీలకు బదులు చింతగింజలు. చాప మీద ఒకరు పేషెంటుగా పడుకోవాలి, డాక్టరు వచ్చి చూడాలి, నర్సు సూది వెయ్యాలి. సూది పడగానే పేషెంటు లేచి కూర్చుని “తక్కువైంది” అనాలి. అప్పుడు అందరం చప్పట్లు కొట్టాలి. రెండు నెలలు తిరిగేసరికి పిల్లలు నర్సమ్మకు ఎదురెళ్లి చేతులు చాపడం మొదలుపెట్టారు. నాకు గర్వంగా ఉండేది. లేదని ఎందుకు అబద్ధం చెప్పాలి?

ఆ పిల్లకు నాలుగేళ్లు. గుండీలు ఊడిన గౌనుకు పిన్నీసు పెట్టి పంపేది తల్లి. బడికి వచ్చి ఆర్నెల్లయినా పిల్ల నోరు విప్పలేదు. తెలుగే కాదు, వాళ్ల భాషలోనూ మాట్లాడేది కాదు. ఆయమ్మ కొంగు పట్టుకుని తిరగడం, లేకపోతే తడికకు ఆనుకుని కూర్చోవడం. ఏ ఆటకు పిలిచినా వచ్చేది కాదు. ఒకరోజు పేషెంటుగా పడుకోవాల్సిన పిల్లాడు అలిగి వెళ్లిపోతే, తనంతట తనే వెళ్లి చాప మీద పడుకుంది. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుంది. గోనెసంచి మెడదాకా లాక్కుని, పళ్లు టకటకలాడిస్తూ వణికింది. వాళ్లమ్మకు చలిజ్వరం వచ్చినప్పుడు చూసిందంతా అచ్చంగా దించేసింది. మాకు నవ్వాగలేదు. సూది పడగానే టక్కున లేచి కూర్చుని “తక్కువైంది” అంది. నేను విన్న ఆ పిల్ల మొదటి మాట అదే. అరచేతులు మండేదాకా చప్పట్లు కొట్టాను.

అప్పట్నుంచి పేషెంటు వేషం ఆ పిల్లదే. ఇంకెవరైనా పడుకుంటే మూతి ముడిచేది. ఆ ఆట నుంచే మిగతా మాటలూ వచ్చాయి. నీళ్లు కావాలని, పక్కవాడు గిచ్చాడని, వాళ్ల కోడి గుడ్డు పెట్టిందని చెప్పేది. పొగాకు చేలో కూలికి పోయే తల్లి, పని లేని రోజున వచ్చి గుమ్మంలో నిలబడి కూతురు మాట్లాడుతుంటే చూస్తూ ఉండేది.

“ఇంటికాడ గూడ ఇదే ఆట టీచరమ్మా. నన్ను డాక్టర్ని జేసి తను పండుకుంటది. చప్పట్లు కొట్టకపోతే ఊకోదు,” అంది ఒకసారి. అంటున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది.

వానలు తగ్గుముఖం పట్టాయి. గూడెంలో ఇంటికొకరు జ్వరంతో పడుకున్న రోజులవి. అప్పుడే ఒక పొద్దున సూపర్‌వైజరు మేడమ్ వచ్చింది. పిల్లల ఆటలు చూపించమంది. ఏది చూపించాలో నేను ముందే అనుకుని ఉన్నాను. ఆ పిల్ల వచ్చిన దగ్గర్నుంచీ ఇనప పెట్టెకు ఆనుకుని ముభావంగా కూర్చుని ఉంది. “రా, నువ్వు లేకపోతే ఆటెట్ల?” అని చెయ్యి పట్టుకుని లేపాను. ఆ చెయ్యి వేడిగా ఉందా అని తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా గుర్తుకు రాలేదు. నా ధ్యాసంతా మేడమ్ మీదే ఉంది.

పిల్ల చాప మీద పడుకుని వణకడం మొదలుపెట్టింది. మేడమ్ మొదట నవ్వింది, తర్వాత, “ఎంత బాగా చేస్తోందమ్మా! ఎవరు నేర్పారు?” అంది.

“ఎవరూ నేర్పలేదు మేడమ్. చూసి నేర్చుకుంది,” అన్నాను.

డాక్టరు చూశాడు. నర్సు సూది వేసింది. పిల్ల లేవలేదు. ఇంకోసారి వేసింది. లేవలేదు. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. మేడమ్ ముందు కావాలనే సాగదీస్తోందనుకుని నాకు మురిపెంగా కూడా అనిపించింది. మూడోసారి సూది పడ్డాక, ఇక లేపుదామని నేనే ముందుగా చప్పట్లు మొదలుపెట్టాను. అందరూ అందుకున్నారు. ఆ చప్పుడికి పిల్ల రెండు చేతులూ నేలకు ఆనించి లేచి కూర్చుంది. అటూ ఇటూ తూలుతూ, వినీ వినపడనట్టు “తక్కువైంది” అంది. నేను ఇంకా గట్టిగా కొట్టాను.

పొద్దుట్నుంచీ ఆ పిల్ల ఆనుకుని కూర్చున్న ఇనప పెట్టెలో నిజం గోలీలు ఉన్నాయి. గూడెంలో ఎవరికి చలిజ్వరం వచ్చినా ఇవ్వమని నర్సమ్మ నా దగ్గర పెట్టినవి. పెట్టె నేను తెరవలేదు. మధ్యాహ్నం ఉప్మా తినకుండా పిల్ల మళ్లీ చాప మీదే పడుకుంటే, ఆడి అలిసిపోయిందనుకున్నాను. మేడమ్‌తో కలిసి దమ్మపేటలో మీటింగుకు బయల్దేరాను. ఒళ్లు కాలుతోందని ఆయమ్మకు తెలిసింది పిల్లను ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్లేటప్పుడే. అప్పటికి నేను బస్సులో ఉన్నాను. పెట్టె తాళంచెవి నా చేతిసంచిలో ఉంది.

మీటింగు రెండు రోజులు. మూడో రోజు పొద్దున గూడెం మలుపు దగ్గరే ఆయమ్మ ఎదురొచ్చింది.

“ఆ పోరి పోయింది టీచరమ్మా,” అంది.

జ్వరం తలకెక్కిందట. తండ్రి వెదురు లారీ మీద సారపాక కాగితం మిల్లుకు పోయి ఉన్నాడు. తల్లి అప్పటికి మూడు నెలల గర్భిణి. ఒక్కతే పిల్లను భుజాన వేసుకుని రోడ్డుదాకా నడిచి, బస్సు కోసం కూర్చుని, పెద్ద దవాఖానాకు చేర్చేసరికి పిల్లకు తెలివి లేదట. ఆ రోజే గోలీలు వేసి ఉంటే బతికేదా అని తర్వాత నర్సమ్మను అడిగాను. “ఏమో, బతికేదేమో. చెప్పలేం,” అంది ఆమె, నా మొహం చూడకుండా డబ్బా సర్దుకుంటూ.

పది రోజులయ్యాక తల్లి దగ్గరికి వెళ్లాను. చెప్పాల్సినవన్నీ దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ఆమె చేతిలో చాట పక్కన పెట్టి నాకు పీట వేసింది. నేను నోరు తెరవకముందే ఆమే మొదలుపెట్టింది.

“ఆ దినం మస్తు చప్పట్లు కొట్టినవంట గద టీచరమ్మా. జొరంల గూడ అదే ముచ్చట. మేడమ్ నవ్వింది, టీచరమ్మ అందరికంటె ఎక్కువ కొట్టింది అని నవ్వుకుంట చెప్పింది. మంచిగ ఆడుకున్నంకనే గద జొరం పట్టింది. దానికి ఆ ఒక్క సంతోషమన్న దొరికింది. నీ పుణ్యం.”

 మంచిగా ఆడుకోలేదమ్మా, నిజంగా వణికింది, ఆ వణుకుకే చప్పట్లు కొట్టాను అని ఎలా అనగలను? ఆమెకు మిగిలిన ఆ ఒక్కటీ లాక్కోకూడదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు భయం వేసింది. మంచినీళ్లు తాగి వచ్చేశాను.

తర్వాత ఆమె సంతలో ఎదురుపడేది. ఎప్పుడు కలిసినా నా చెయ్యి పట్టుకుని మాట్లాడేది. ఈసారి చెబుదాం అనుకునేదాన్ని. కూరగాయల గురించి ఏదో మాట్లాడి తప్పుకునేదాన్ని. నా మీద నాకే అసహ్యం వేసేది. ఆట సామానంతా మూటగట్టి కప్పు వాసాల్లో దోపేశాను. పిల్లలు అడిగితే కసురుకున్నాను. నర్సమ్మ వస్తే మళ్లీ జీడిమామిడి తోటలోకి పరుగులు మొదలయ్యాయి. ఆ ఆట ఏమైందని మేడమ్ అడిగితే సామాను పోయిందని చెప్పాను.

మూడేళ్లు దాటాయి. ఒక పొద్దున ఆమె చిన్నకూతురి చెయ్యి పట్టుకుని వచ్చింది. అక్క పోయినప్పుడు కడుపులో ఉన్న పిల్ల. గౌనుకు పిన్నీసు.

“దీనికి గూడ ఆ దవాఖానా ఆట ఆడిపియ్యి టీచరమ్మా. అక్కకు కొట్టినట్టే దీనికీ చప్పట్లు కొట్టు. నేను జూస్త,” అని పని మానుకుని గుమ్మం పక్కన కూర్చుంది.

కాదనలేకపోయాను. మూట దించాను. సూది పుల్లకు చెదలు పట్టి ఉంటే కొత్తది చెక్కాను. పిల్ల చాప మీద పడుకుంది. దీనికి వణకడం రాదు. కిలకిలా నవ్వుతూ కాళ్లు ఆడిస్తోంది. డాక్టరు చూశాడు, నర్సు సూది వేసింది. పిల్ల లేచి కూర్చుని, అనాల్సిన మాట తెలియక తల్లి వైపు చూసింది.

“తక్కువైంది అను,” అంది తల్లి. పిల్ల అంది.

అందరూ చప్పట్లకు చేతులెత్తారు. నేను మాత్రం వంగి పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టాను. తర్వాత మెడ కింద, కడుపు మీద. చల్లగానే ఉంది. నమ్మకం కుదరక మళ్లీ నుదురు ముట్టుకున్నాను. అప్పుడు గానీ చప్పట్లు కొట్టలేకపోయాను.

తలెత్తితే తల్లి నన్నే చూస్తోంది. మొహంలో నవ్వు లేదు.

“ఆ దినం గూడ ఇట్లనే ముట్టి చూసినవా టీచరమ్మా?” అంది. గొంతు పెంచలేదు.

“లేదక్కా,” అన్నాను. “పొద్దుగాల్నే జొరం ఉన్నట్టుంది. వణుకుతుంటే ఆటనుకున్న.”

 ఆమె లేచి పిల్ల దగ్గరికి వస్తుంటే తీసుకుపోతుందనుకున్నాను. తీసుకుపోలేదు. వంగి, తనూ ఒకసారి పిల్ల నుదురు ముట్టుకుని చూసింది. తర్వాత చేనుకు వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి ఆయమ్మే వెళ్లి పిల్లను తీసుకొచ్చేది. పెద్దబడికి పోయేదాకా పిల్ల రోజూ వచ్చింది. తల్లి మళ్లీ ఎప్పుడూ ఆ గుమ్మంలో నిలబడలేదు. సంతలో కనిపిస్తే బాగున్నావా అని అడిగేది, చెయ్యి మాత్రం పట్టుకునేది కాదు. నెల తర్వాత ఒకరోజు, పాట అయిపోయి అందరం చప్పట్లు కొడుతుంటే ఆ చిన్నపిల్ల నా దగ్గరికి వచ్చి చెప్పింది.

“మా అమ్మ ఇంటికాడ చప్పట్లు కొట్టనియ్యది టీచరమ్మా. కొడితే ఏడుస్తది.”